రాజవ్వ ధార్వాడకు పోయిన సంగతి

నేను నాలుగో తరగతి వరకే చదివాను, అదీ ఉర్దూలో. తెలుగు రాయడం మా నాయిన దగ్గర నేర్చుకున్నాను. అయినా ఖటక్ చించోళి పంచాయతీకి రెండుసార్లు గెలిచాను. పెద్ద రోడ్డు మీదే ఆగిపోయే బస్సును ఊళ్లోకి తెప్పించింది నేనే. మూడు బావులు తవ్వించాను, మూడింటిలోనూ నీళ్లు పడ్డాయి. ఇవి ఎవరూ కాదనరు. మా అక్క భీమవ్వ కూతురు రాజవ్వ ధార్వాడకు పోయిన సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం తలా ఒక మాట అంటారు. జరిగింది నేను రాస్తాను.

1971లో రాజవ్వ బీదర్ కాలేజీలో లెక్కలతో బీఎస్సీ పాసైంది. మా వాళ్లలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల. చిద్రిలో వాళ్లింటికి ఒకే వారంలో రెండు ఉత్తరాలు వచ్చాయి. భాల్కిలో ఒక హైస్కూలువాళ్లు లెక్కలు చెప్పడానికి సోమవారం వచ్చి చేరమన్నారు. ధార్వాడ యూనివర్సిటీవాళ్లు ఎమ్మెస్సీలో సీటిచ్చి, అదే సోమవారానికి రాకపోతే ఇంకొకరికి ఇస్తామన్నారు.

ఆమె తండ్రి, మా బావ గాలయ్య, గడప దాకా వచ్చిన నౌకరిని కాలదన్నుకుంటామా అన్నాడు. ధార్వాడ అంటే ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం, అక్కడ మన మాట వినబడదు, ఆడపిల్ల హాస్టల్లో ఎట్లా ఉంటుంది అన్నాడు. అక్క ఎటూ చెప్పలేక కళ్లు తుడుచుకుంది. రాజవ్వ వాదించలేదు. అటక మీది ట్రంకు పెట్టె దించి దుమ్ము దులిపింది. ఆ పెట్టె చూసి గాలయ్య, మల్లన్నను అడుగుదామన్నాడు.

మా వైపు పెళ్లికైనా బావికైనా మల్లన్నను పూవు అడుగుతారు. పూజారి రెండు పూరేకులు తడిపి దేవుడి రెండు భుజాలకూ అంటిస్తాడు. ముందు ఏది రాలితే అదే దేవుడి మాట. నా మూడు బావులూ అట్లా అడిగే తవ్వించాను. కుడివైపు నౌకరి, ఎడమవైపు చదువు అని గాలయ్య మొక్కాడు. పూజారి రాచయ్య రేకులు పెట్టాడు. గుళ్లో ముప్పై మందికి తక్కువ లేరు. ఊదుబత్తి సగం కాలకముందే కుడి రేకు రాలింది.

గాలయ్య చెంపలేసుకున్నాడు. "ఇగ దేవుడు చెప్పిండు. సోమవారం భాల్కి పోతున్నం."

రాజవ్వ ఆ రేకును తీసి కళ్లకద్దుకుంది. తర్వాత పూజారిని అడిగింది.

"రాచయ్య తాతా, మనసుల ఖాయం చేసుకున్నంక పూవు అడగొచ్చా?"

రాచయ్య అబద్ధం చెప్పే మనిషి కాదు. "అడగొద్దు బిడ్డా. రెండు తొవ్వల నడుమ నిలవడ్డోడే అడగాలె. ఖాయం చేసుకొని అడిగితే దేవునికి పరీక్ష పెట్టినట్టే."

"ధార్వాడ ఫారం నింపిన్నాడే నేను ఖాయం చేసుకున్న. నడుమ నిలవడ్డది నాయిన. పూవు నాయినకు రాలింది. భాల్కికి నాయిననే పొమ్మను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గాలయ్య నా వైపు తిరిగాడు. "వింటున్నవా మొగులప్పా? లెక్కలు సదివి నీ కోడలు దేవునికే పాఠం చెప్తున్నది."

ఆ గుళ్లో నా మాటకు విలువుంది. అది ఎక్కడ వాడాలో నాకు తెలుసు. "బావికొక నియమం, పిల్లకొక నియమం ఉండదు బావా," అన్నాను. "ఏడ తవ్వాల్నో తెల్వనప్పుడే నేను పూవు అడిగిన. పూజారి చెప్పింది అందరం విన్నం. శనివారం నేనే తోల్కపోత."

తోలుకుపోయాను. గాలయ్య బస్టాండుకు రాలేదు. ఆదివారం మధ్యాహ్నం రాజవ్వను హాస్టల్లో దించి తిరిగొచ్చాను.

మరుసటి ఏడు వానలు లేవు. బావులు అడుగంటాయి, నావి కూడా. పూవును కాదని పోయిన పిల్లవల్లే కరువొచ్చిందని ఊళ్లో మాట పుట్టింది. ఒకాయన పంచాయతీలో నా ముఖం మీదే అన్నాడు. షోలాపూర్‌లో కూడా వాన లేదు, అక్కడ ఎవరి బిడ్డ ధార్వాడకు పోయిందని అడిగాను.

గాలయ్య మాత్రం ఉత్తరం రాశాడు: పంట లేదు, భాల్కి స్కూల్లో మళ్లీ ఖాళీ ఉంది, చదువు ఆపి రమ్మని. రాజవ్వ జవాబు మూడు ముక్కలు. "పిల్లలకు ట్యూషన్ చెప్పి నా తిండి నేను ఎల్లదీసుకుంటున్న. జొన్నలు పంపకుండ్రి. పరీక్ష రాయకుండ రాను."

రాసింది. ఒక పేపరు పోయింది. ఊళ్లో కొందరికి ఆనాడు అన్నం ఇంకో ముద్ద ఎక్కువ దిగింది. ఆరు నెలలకు మళ్లీ రాసి పాసైంది. ఆ సర్టిఫికెట్టు చేతికొచ్చేసరికి మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిపోయింది. ఇప్పుడు గుల్బర్గాలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతుంది. మా తాలూకాలో అంత లెక్క తెలిసిన మనిషిని ఇంకొకరిని చూపించమనండి.

గాలయ్య ఈనాటికీ ఒప్పుకోడు. పోయిన నెల పదిమందిలో, భాల్కిలో చేరివుంటే ఈపాటికి హెడ్‌మాస్టరమ్మ అయ్యేదన్నాడు. రాజవ్వ పక్కనే కూర్చుని చాయ్ తాగుతోంది.

"అయ్యేదాన్నే నాయినా," అంది. "నాకు అది వద్దంటిని గద."

కప్పు కింద పెట్టి, రేపు క్లాసుందని బస్సుకు లేచింది.