ఎదురుకాళ్ళ కోడలి నడుంనొప్పి

నేను ఎదురుకాళ్ళతో, తల కన్నా కాళ్ళు ముందొచ్చి పుట్టాను. అలా పుట్టినవాళ్ళు ఎడమకాలితో తంతే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం. అందుకని నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆదివారం పొద్దున్నే ఎవరో ఒకరు మా పుట్టింటి అరుగు మీద బోర్లా పడుకుని ఉండేవారు. నేను సగం వేసిన జడతోనే వెళ్ళి, ఓ తన్ను తన్ని వచ్చేదాన్ని. వాళ్ళు నడుం పట్టుకుని లేచి, నా చేతిలో జామకాయో బెల్లంముక్కో పెట్టి వెళ్ళేవారు. వాళ్ళకి తగ్గేదో లేదో నాకు తెలీదు. జామకాయలు మాత్రం బావుండేవి.

డెబ్భైల మొదట్లో పెళ్ళయి మండపేట వచ్చాను. మా అత్తవారిది కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మా అత్తగారు పొట్టిగా, చురుగ్గా ఉండేవారు. ఆవిడకి ఎప్పట్నుంచో నడుంనొప్పి. నా పుట్టుక సంగతి ఎవరు చెప్పారో గాని, ఓ రోజు గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"అమ్మాయ్, నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టావట కదా?"

"అవునండి అత్తయ్యగారూ."

"మరి చెప్పవేం? పెళ్ళిచూపుల్లోనే చెప్పాల్సిన మాట!" అంటూ చాప పరుచుకుని బోర్లా పడుకున్నారు. "ఊఁ, కానీ."

నేను రెండడుగులు వెనక్కి వేశాను. "మిమ్మల్ని కాలితో తన్నడమేంటండీ! నావల్ల కాదు."

"నేనే తన్నమంటున్నాను కదా. తర్వాత దణ్ణం పెట్టేసుకో, సరిపోతుంది."

ముందే ఓ దణ్ణం పెట్టి, కాలు అలా ఆనించాను.

"ఇదేంటి, పువ్వు పడ్డట్టుంది. గట్టిగా!"

నేను కళ్ళు మూసుకుని గట్టిగానే తన్నాను. సరిగ్గా అప్పుడే గోడౌను తాళాల కోసం మా మావగారు తలుపు తీశారు. చాప మీద భార్య, ఆవిడ నడుం మీద కొత్తకోడలి కాలు. తాళాలు కూడా తీసుకోకుండా తలుపు వేసేసి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రం మా ఆయన్ని మెల్లగా అడిగారు, "ఇంట్లో అంతా బానే ఉంటోందా?" అని. మా అత్తగారు నవ్వాపుకోలేక పొలమారి, గ్లాసుడు నీళ్ళు తాగితే గాని తేరుకోలేదు.

అలాంటి నాకు, రెండో కాన్పు తర్వాత నడుంనొప్పి పట్టుకుంది. పసిదానికి స్నానం చేయించి లేవబోతే నడుంలో ఏదో కలుక్కుమంది. ఇక అంతే. వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోశారు. ఆముదం ఆకులు వెచ్చచేసి కట్టారు. ఉప్పు మూటతో కాపడం పెట్టారు. మా ఊళ్ళో డాక్టరుగారు సూది మందు ఇచ్చారు. దేనికైనా నాలుగు రోజులు తగ్గినట్టే ఉండేది, మళ్ళీ మామూలే. చూడవచ్చిన ప్రతివాళ్ళూ "కదలకుండా పడుకో" అనేవారు. పడుకుంటే ఇంకా బిగుసుకుపోయేది. పసిది చేతులు చాచి ఎత్తుకోమంటే, ఎత్తుకోలేక మొహం గోడవైపు తిప్పుకున్న రోజులున్నాయి. అలా ఏళ్ళు గడిచాయి.

"నిన్ను నువ్వు తన్నుకోలేవు కదా, పాపం," అని మా అత్తగారు నిజంగానే బాధపడేవారు. మనవాళ్ళలో నాలాంటి పుట్టుక ఇంకెవరిదైనా ఉందేమోనని ఊరంతా వాకబు చేశారు. చివరికి మా కొట్టుకి ఉప్పు తెచ్చే లారీ డ్రైవరు చెప్పాడు, మొగల్తూరు దాటాక సముద్రం దగ్గర ఓ ముసలావిడ ఉంది, ఎండుచేపలు అమ్ముకుంటుంది, ఆవిడ తంతే తిరుగులేదని.

నేనూ మా అత్తగారూ బయల్దేరాం. రావులపాలెంలో బస్సు మారి, నరసాపురంలో మళ్ళీ మారి, ప్రతి గుంత దగ్గరా నేను "అమ్మా" అంటే, ఆవిడ "అదిగో వచ్చేశాం" అంటూ ఉన్నారు. దిగేసరికి నొప్పి రెట్టింపయింది.

ముసలావిడ ఇంటి ముందు వలల మీద చేపలు ఎండుతున్నాయి. ఉల్లిపాయ కూడా తినని మా అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు గాని, వెనక్కి మాత్రం తగ్గలేదు. వచ్చిన పని చెప్పారు. ఆవిడ మంచం మీంచి లేవకుండానే చేతులు జోడించింది.

"ఏమీ అనుకోకండమ్మా, లేవలేను. నడుం పడిపోయింది."

మా అత్తగారి మొహం వాడిపోయింది. "నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టావనే కదా విన్నాం?"

"పుట్టానమ్మా. ఊరందర్నీ తన్నాను. నన్ను తన్నేవాళ్ళే దొరకలేదు."

మా అత్తగారు మెల్లగా నావైపు తిరిగారు. ఆవిడ చూపు అర్థమై ముసలావిడ కళ్ళు పెద్దవయ్యాయి. "నిజమేనా తల్లీ?"

ముందు నేను ఆవిడ్ని తన్నాను. తర్వాత నా భుజం పట్టుకుని లేచి, ఆవిడ నన్ను తన్నింది. ఇద్దరం నడుం మీద చేతులు వేసుకుని, తగ్గిందేమోనని ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం. ముందు ఆవిడే నవ్వింది. నేనూ మొదలుపెట్టాను. నవ్వితే ఇద్దరికీ నడుం పోటు. అయినా ఆగలేదు.

కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చి, అప్పుడు చెప్పింది. వాళ్ళబ్బాయి కాకినాడలో బోట్ల మీద పనిచేస్తున్నాడట. అక్కడ ఎముకల డాక్టరుకి చూపిస్తానంటే, కోసేస్తారేమోనని తనకే భయమట.

"భయమెందుకు? మేమూ వస్తాం," అన్నారు మా అత్తగారు, నన్ను అడక్కుండానే.

మాట ప్రకారం కాకినాడలో కలుసుకున్నాం. డాక్టరుగారు ఇద్దరికీ ఎక్స్‌రేలు తీయించి, వంగమని, కాళ్ళు ఎత్తమని చూశారు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. నన్ను మంచం మీద పడి ఉండడం మానెయ్యమన్నారు.

"నొప్పి పూర్తిగా పోతుందాండి?" అని అడిగాను.

"పోతుందని చెప్పనమ్మా. మీ మాట వినేలా మాత్రం చేసుకోవచ్చు."

ఆయన దగ్గర పనిచేసే ఓ అమ్మాయి మాకు వ్యాయామాలు నేర్పింది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు గుండెల దగ్గరికి తెచ్చుకోవడం, బోర్లా పడుకుని తల ఎత్తడం, అలాంటివి. రోజూ నడవమంది. కింద కూర్చుని వంట చెయ్యొద్దంది. మా అత్తగారు కుర్చీలోంచే అన్నీ శ్రద్ధగా చూసి, "నాకూ పనికొస్తాయా?" అని అడిగారు.

మర్నాటి నుంచి మేడ మీద గదిలో రెండు చాపలు. మొదట్లో నొప్పి ఎక్కువై, మానేస్తానన్నాను. ఆవిడ మాననివ్వలేదు. కొన్ని నెలలకి పొద్దున్నే వంగి చీపురు పట్టుకోగలిగాను. ఓ సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన మా చిన్నదాన్ని అమాంతం ఎత్తుకున్నాను. అది అప్పటికే బరువు. "దింపమ్మా, నేను పెద్దదాన్నయిపోయాను," అని ఒకటే గోల. దించలేదు.

మొగల్తూరు ఆవిడ ఇసకలో పడుకుని వ్యాయామం చేస్తుంటే చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చూడ్డానికి చేరుతున్నారని లారీ డ్రైవరు చెప్పాడు. మళ్ళీ తట్ట ఎత్తుకుని సంతకి వెళ్తోందట.

వంటింట్లో గట్టు కట్టించాలన్నప్పుడు మాత్రం మా మావగారు ఒప్పుకోలేదు. నుంచుని వంట చేయడం హోటల్లో పద్ధతన్నారు. "అయితే హోటల్నుంచే తెప్పించుకోండి," అన్నారు మా అత్తగారు. ఆ వారంలోనే తాపీమేస్త్రి వచ్చాడు. నన్ను నిలబెట్టి, మోచెయ్యి ఎత్తు చూసుకుని గట్టు కట్టాడు. నాకు చక్కగా కుదిరింది. మా అత్తగారికి అది గుండెల దాకా వచ్చింది. ఆవిడ ఓ పీట తెచ్చి వేసుకుని, దాని మీద నుంచుని పులుసు కలుపుతూ, "ఇన్నాళ్ళకి నీ అంత అయ్యానే అమ్మాయ్," అన్నారు.

నొప్పి ఇప్పటికీ వస్తుంది. ముసురు పట్టినా, బద్ధకించి నాలుగు రోజులు వ్యాయామం మానేసినా వస్తుంది. చాప పరుచుకుంటాను.