కొండల్‌రావు పెట్టిన ఉరుకుడు పందెం

కొండల్‌రావు పరిగెత్తగా చూసినవాళ్లు కరీంనగర్‌లో ఎవరూ లేరు. పెళ్లినాడు ముహూర్తం దాటిపోతోందని అయ్యగారు గొంతు చించుకుంటున్నా, ఆయన విడిదింటి నుంచి పందిట్లోకి నింపాదిగా నడిచే వచ్చాడు. అరవై దాటాక ఆయన మేడ మెట్లెక్కితే, మోకాళ్ల చప్పుడుకి కింది వాటావాళ్లు తలుపు తీసి "ఎవరది?" అని అడిగేవారు. అలాంటి మనిషి ఉట్నూర్ అడవిలో యాభై కిలోమీటర్ల పరుగు పందెం నడిపిస్తున్నాడంటే బంధువులు ఆయన మతి గురించి గుసగుసలాడుకున్నారు.

"మీకెందుకండి గీ పరేషాన్?" అనేది భార్య సరళాదేవి. "ఉరికేటోళ్లకు మెడల్ వస్తది. మీకేమొస్తది?"

"తృప్తి."

"గా తృప్తి వంటింట్ల గూడ దొరుకుతది. జర గీ ఉల్లిగడ్డలు కొయ్యుండ్రి."

అసలు సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. బురదకాళ్లతో గీత దాటిన పిల్లలు ఆయన చేతులు పట్టుకుని, "అంకుల్, వచ్చే ఏడు కూడా వస్తం" అంటారు. ఆ ఒక్క మాట కోసం ఆయన ఏడాదంతా ఎదురుచూసేవాడు. అందుకే మూడో ఏడు అటవీ రేంజర్ రాంచందర్ పెట్టిన షరతుని ఆయన రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు.

"పొద్దుగూకక ముందే అందరు అడవి దాటి చెక్‌పోస్టుకు రావాలె సార్. మీతో సహా. ఒక్కరు లోపటున్నా సరే, ఇగ వచ్చే ఏడు పర్మిషన్ అడగొద్దు."

పందేనికి ముందురోజు కొండల్‌రావు జీపు డ్రైవర్ అంతయ్యని వెంటేసుకుని, దారి పొడవునా సున్నంతో బాణాలు వేశాడు. పొదలకు ఎర్రగుడ్డ పీలికలు కట్టాడు. అడవి అంచున ఉన్న ఊళ్లో పత్తిచేల గట్ల మీద కూడా బాణాలు వేసి, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

జీపు, సున్నం, ఎర్రగుడ్డలు, టోపీ పెట్టుకున్న పెద్దమనిషి. ఆ ఊరివాళ్లకు ఈ నాలుగూ కలిస్తే సర్వే. రోడ్డు పడుతున్నదట, చేన్లు పోతాయట అన్న కబురు పశువులు ఇంటికి చేరకముందే ఊరంతా చేరింది. మొదట ఒకాయన తన గట్టు మీది బాణాల్ని చీపురుతో ఊడ్చేసి, బావమరిది గట్టు మీద వేశాడు. బావమరిది వాటిని పక్కచేలోకి తోలాడు. పక్కచేనాయన ఆ పక్కకి. ఆ సాయంత్రం ఆ బాణాలు తిరిగినంత దూరం ఆ ఊరి మేకలు పుట్టి బుద్ధెరిగి తిరగలేదు.

అందరూ తరిమేసిన రోడ్డుని రమ్మని పిలిచింది యాదవ్వ ఒక్కతే. ఆమె ఇల్లు వాగు అవతల. అక్కడికి ఆటో రాదు, ఎరువు బస్తా వస్తే నెత్తిమీదే రావాలి. ఆమె పొదల పీలికలన్నీ విప్పుకొచ్చి వాగుకు పోయే దారి పొడవునా కట్టి, డబ్బాలోని ముగ్గుపిండి తీసి, వాగు గట్టు నుంచి తన గడప దాకా బాణాలు వేసింది. కొండల్‌రావు బాణాలు కోడి గీరినట్టుంటే, ఆమెవి పండగ ముగ్గుల్లా ఉన్నాయి. ఒక్కో బాణం చివర ఒక తామరపువ్వు.

పందెం రోజు చెక్‌పోస్టు దగ్గర డప్పులతో, మెడల్స్‌తో కొండల్‌రావు నిలబడ్డాడు. మధ్యాహ్నం దాటింది. డప్పులవాళ్లు కొట్టడం మానేసి కునికిపాట్లు పడ్డారు. రేంజర్ ఒకసారి సూర్యుడిని, ఒకసారి కొండల్‌రావుని చూస్తున్నాడు.

"సార్, ఉరుకుతుర్రా, పండుకున్నరా?" అన్నాడు అంతయ్య.

"జీపు తియ్!"

జీపు వాగు దాకా వెళ్లి ఆగింది. కొండల్‌రావు దిగి చూస్తే ఎదురుగా తామరపువ్వు బాణం. "నేను పువ్వులు ఎప్పుడేసిన?" అని గొణుక్కుంటూ, ఎవరైనా వస్తే చూడమని అంతయ్యని చెక్‌పోస్టుకి తిప్పి పంపి, బాణాల వెంట నడిచాడు.

యాదవ్వ ముంగిట్లో పందెగాళ్లంతా బంతిలో కూర్చుని జొన్నరొట్టె, కోడికూర తింటున్నారు. అందరికంటే ముందొచ్చిన పళ్లడాక్టర్ మధులిక ఎముక చీకుతూ చెయ్యి ఊపింది. "అంకుల్! బాణాలు గీడికే అయిపోయినయ్. గీ ఏడు ఫినిష్ మస్తు పెట్టిండ్రు!"

యాదవ్వ ఆమెను మెచ్చుకోలుగా చూసింది. "రోడ్డు సార్లు నెక్కర్లేసుకొని ఉరికొచ్చిర్రు బిడ్డా. గింత తొందరగ ఎన్నడన్న వచ్చిర్రా!"

"లెవ్వుండ్రి!" అని కొండల్‌రావు అరిచాడు. "పొద్దుగూకుతే మన పందెం ఖతం!"

చెక్‌పోస్టుకి అడవిలోంచి అడ్డదారి ఆయనకొక్కడికే తెలుసు. అందుకని ఆయనే ముందు నడిచాడు. కాసేపటికి మధ్యలోకి వచ్చాడు. దారి తిన్నగా కనబడే చోటికి చేరేసరికి అందరూ ఆయన్ను దాటేసి పోయారు. వెనక మిగిలింది యాదవ్వ.

"సారూ, రోడ్డు ఎప్పుడేస్తరు?"

"అక్కా, నేను రోడ్డు సార్‌ను కాదు."

"కాకుంటే ఎందుకుర్కుతున్నవ్? రెండు కోళ్లు కోసిన. ఉత్తగ పోతవా? ఆగు!"

ఆగితే ఆ రెండు కోళ్లకీ లెక్క చెప్పాలి, ఆలోపు పొద్దుగూకుతుంది. కొండల్‌రావు జీవితంలో మొదటిసారి పరిగెత్తాడు. పులి వెంటపడినా అంత ఊపు వచ్చేది కాదు. టోపీ ఒక చెట్టుకు, కండువా ఒక ముళ్లకంపకు అప్పగించి, కొండ మీద ఎర్రటి అంచు ఇంకా మిగిలుండగానే గీత దాటి టార్పాలిన్ మీద బోర్లా పడ్డాడు. ఆయన వెనకే యాదవ్వ, ఆయాసమన్నది లేకుండా.

"లోపట ఇంకెవలన్న ఉన్నరా?" అన్నాడు రేంజర్.

కొండల్‌రావు పడుకునే చెయ్యి అడ్డంగా ఊపాడు. రేంజర్ కొండవైపు చూశాడు. "సరె సార్. వచ్చే ఏడు గూడ పెట్టుకోండ్రి."

డప్పులు మోగాయి. పిల్లలు ఆయన చేతులు పట్టుకుని లేపారు. "వస్తం అంకుల్," అంది మధులిక. "గని ఫినిష్ యాదవ్వ ఇంటికాడనే పెట్టాలె." కొండల్‌రావు కళ్లు తుడుచుకుని, చెమట అన్నాడు. ఒక మెడల్ తీసి యాదవ్వ మెడలో వేశాడు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది సూపెడ్తె రోడ్డు ఏస్తరా?"

"లేదక్కా. సోమారం ఉట్నూర్‌ల అర్జీ పెట్టుకోవాలె."

"అయితె నువ్వు గూడ రావాలె."

"నేనెందుకు?"

"గీసింది నువ్వు గాదా? సగం గీసి ఇడిసిపెడ్తవా?"

సోమవారం ఉట్నూర్‌లో అర్జీల వరుస మలుపు తిరిగి రోడ్డు మీదికి వచ్చింది. దాని చివర కొండల్‌రావు నిలబడి ఉన్నాడు, ఆయన జబ్బ పట్టుకుని యాదవ్వ.