అంకె నిలిచేదాకా

మా మేనత్త ఎల్లారెడ్డి పట్టణం దగ్గర వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా చూసేది. సంచి పెట్టగానే అరచెయ్యి పైకెత్తేది. అంకె కదలడం ఆగేదాకా ఎవరూ మాట్లాడకూడదు.

నాది గెలాక్సీ గుంపుల బరువు లెక్కగట్టే పని. ఓసారి సెలవుకొచ్చినప్పుడు నా దిగులు ఆమెకు చెప్పుకున్నాను. ఒకే గుంపుకు, అందులోని వేడి వాయువును చూసిన అంతరిక్ష టెలిస్కోపు తక్కువ బరువు చెప్పింది. ఆ గుంపు బరువుకు దాని పక్కగా వచ్చే వెలుగు ఎంత వంగిందో చూసిన నేలమీది టెలిస్కోపు ఎక్కువ చెప్పింది.

"గా వేడి గాలి నిలకడకొచ్చిందా? కదులుతుంటే తూకం తప్పొస్తది బిడ్డా" అంది అత్త.

నిలకడగా ఉందనుకునే లెక్క వేశాను. మళ్లీ చూస్తే, అది ఒక గుంపు కాదు, ఢీకొంటున్న రెండు గుంపులు. వాయువు ఇంకా ఊగుతోంది.

పరిశోధనా వ్యాసం చివర కృతజ్ఞతల్లో అత్త పేరు వేశాను. ఆ ఇంగ్లీషు పేజీని ఆమె కామారెడ్డిలో లామినేషన్ చేయించి, ఆ సీజనంతా వడ్లు తెచ్చిన ప్రతి రైతుకూ చూపించింది.