చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు

మట్టి తవ్వే నా పాత బండి స్టార్టర్ మోటారు నెల రోజులుగా మొరాయిస్తోంది. తాళం తిప్పితే టక్కుమని ఊరుకునేది. కిందికి దూరి సుత్తితో నాలుగు దెబ్బలేస్తే ఇంజను లేచేది. అందుకే పొద్దున లేపితే సాయంత్రం దాకా, అన్నం తినేటప్పుడు కూడా, ఆపేవాడిని కాదు. మార్చాలని తెలిసీ రేపు మాపు అంటూ నెట్టుకొచ్చాను.

పెనుకొండ దగ్గర ఒక అక్క మల్బరీ తోటకు పైపు వేయాలని, తోట పైన, వానొస్తేనే పారే వంక గట్టును కోశాను. పైపు వేశాం. గట్టు పూడ్చే పని ఒక గంట మిగిలింది. మరునాడు ఆయుధపూజ.

"పూజ చేసి, నిమ్మకాయలు తొక్కించి, గంటలో పూడ్చేస్తా అక్కా" అన్నాను.

పొద్దున్నే బండిని అడుగు భాగం కూడా వదలకుండా పైపుతో కడిగాను. కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి తాళం తిప్పాను. టక్కుమంది. సుత్తితో ఎంత కొట్టినా అదే. కడిగిన నీళ్లు స్టార్టర్‌లోకి దిగాయని అప్పటికి గానీ బుర్రకెక్కలేదు.

హిందూపురం మెకానిక్కుకు ఫోన్ చేశాను.

"స్పానర్లన్నీ పూజలో ఉండాయప్పా. ఈ పొద్దు ముట్టుకోకూడదు. రేపు పొద్దున్నే కొత్త మోటారు తెస్తా" అన్నాడు.

ధర్మవరంలో ఇంకొకాయనదీ అదే మాట. తిట్టాలనిపించింది. నా స్పానర్లూ పూజలోనే ఉన్నాయి, ఏం మొహం పెట్టుకుని తిట్టను?

"ఇంకో బండి యాడా దొరకదా అప్పా?" అని అడిగింది అక్క.

"అన్నిటికీ ఈ పొద్దు పూజే అక్కా."

ఆమె కొండ మీది మబ్బు వైపు చూసింది. ఇంట్లోకి పోయి, పూజలో పెట్టిన పార కుంకుమతో సహా పట్టుకొచ్చింది.

"పట్టుపురుగులు నాలుగో జ్వరం దాటి పొర విడిచినాయి. ఇప్పుడే ఆకు బాగా తినేది. బురద ఆకు పెడితే చచ్చిపోతాయి" అంటూ మట్టి ఎత్తసాగింది.

నేనూ ఒక పార అందుకున్నాను. బండి గంటలో చేసే పని ఇద్దరం దినమంతా చేసినా సగం కాలేదు. సాయంత్రానికి కొండ మీద వాన పడి వంక పొంగి వచ్చింది. మేం పోసిన మట్టి తడిసిన బెల్లంలా కరిగిపోయింది. నీళ్లు తోటలోకి దిగుతుంటే గట్టు మీద నిలబడి చూశాం.

మరునాడు మెకానిక్కు వచ్చి అరగంటలో కొత్త మోటారు బిగించాడు. ఒక్క తిప్పుకే ఇంజను లేచింది. నిమ్మకాయలు నాలుగూ చితికాయి. తోట నడుములోతు బురదలో ఉంది.

"బాగా స్టార్ట్ అయిందే అప్పా" అంది అక్క, మామూలుగానే. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.