సోఫియా కొండ ఊరి ఎర్ర గుడ్డు

గల్ఫ్ యుద్ధం ఆగిన మరుసటి ఏడాది, రంజాన్ అయ్యాక, మా ఆసుపత్రి బస్సులో జెద్దా నుంచి జిజాన్ వెళ్తున్నాం. నేను ఆయాను. పక్కన కూర్చున్న బల్గేరియా నర్సు ఎలేనా డబ్బా తెరిచి, ఎర్ర రంగు వేసిన ఉడికించిన గుడ్డు నా చేతిలో పెట్టింది.

"ఇవాళ మా ఈస్టర్," అంది, వచ్చీరాని అరబ్బీలో.

వాళ్ల చర్చి పంచాంగం వేరట; మాది పోయిన ఆదివారమే అయిపోయింది. సౌదీలో మా క్రైస్తవులం పైకి ప్రార్థన చేసుకోకూడదు కనుక, వార్డు తుడుస్తూ మనసులోనే చేసుకున్నాను. ఆ మాటే చెప్పాను.

"అయితే మాతో మళ్లీ చేసుకో," అంది.

సోఫియా నగరం పైన, కొండ వాలులో ద్రగలెవ్‌త్సి అనే ఊరు వాళ్లది. తన చిన్నప్పుడు, కమ్యూనిస్టుల పాలనలో, ఈస్టర్‌కి చర్చి గుమ్మంలో పోలీసులు నిలబడి పిల్లల్ని వెనక్కి పంపేవారట. వాళ్ల అమ్మమ్మ మాత్రం ఏడాదంతా ఆరోగ్యంగా ఉండాలని రంగేసిన మొదటి గుడ్డుతో మనవరాలి బుగ్గలు రుద్ది, ఆ ఎర్రబుగ్గలతోనే పోలీసుల ముందునుంచి లోపలికి తీసుకెళ్లేదట. చెబుతూ నా బుగ్గలూ రుద్దింది. చెమటకి రంగంటింది.

ముందు సీట్లోంచి మా ఇన్‌చార్జి మరియమ్మక్క వెనక్కి తిరిగింది. "దాచెయ్యవే, చెక్‌పోస్టు వస్తోంది. పండగని తెలిస్తే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపేస్తారు."

"గుడ్డే కదక్కా."

"మరి ఆ మొహం ఎక్కడ దాస్తావు?"

పంపేస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా దాచబుద్ధి కాలేదు.

పోలీసు ఎక్కి, ఇక్కడ ఉండటానికిచ్చిన నా ఇఖామా కార్డు చూసి, నా బుగ్గల ఎరుపు చూపిస్తూ, "ఏమిటది?" అన్నాడు.

"మా పండగ," అన్నాను.

అతను కార్డు తిరిగిచ్చి వెనక సీట్లవైపు వెళ్లాడు. నేను గుడ్డు ఒలిచి సగం ఎలేనాకిచ్చాను. ఎప్పుడూ మనసులో చెప్పుకునే స్తోత్రం, ఆ పోలీసు బస్సు దిగకముందే, పైకి చెప్పుకున్నాను.