ఓ నెగెటివ్, గౌలిపుర, పాలు

ఉద్యోగమంతా రికార్డు రూములోనే గడిచింది. ఇంటికొస్తే డైరీ. రిటైరయ్యాక ఆ రెండు అలవాట్లూ కలిసి నన్ను ఒక వెబ్‌సైట్ పనికి చేర్చాయి. తలసేమియా ఉన్న పిల్లలకు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఇవ్వాలంటే మూడు నెలలు ఆగాలి. ఎవరి వంతు ఎప్పుడో లెక్కచూసి, ముందురోజు ఆ ఒక్కరికే కబురు పంపేది మా సైట్. కబురు రానిదే ఎవరూ ఆసుపత్రికి పోకూడదు. ఒకసారి ఒక పిల్లవాడి కోసం ఇద్దరు పోయారు, అవసరం లేకుండానే ఒకరి వంతు ఖర్చయిపోయింది. అప్పుడు పెట్టుకున్న నియమం అది.

నెల మొదటి తారీఖున ఆ నెల వంతులన్నీ డైరీలోకి ఎక్కించుకుంటాను. పేర్లు, ఫోన్ నంబర్లు రాయను. తేదీ, రక్తం గ్రూపు, బస్తీ, పని, ఫోన్ చేయకూడని వేళ, అంతే. సైట్ నడిపే ఆమె శాలిబండలో ఉంటుంది, కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నా డైరీ చూసి నవ్వేది.

"మీరు రిటైర్ కాలే బాపు. ఆఫీసునే ఇంటికి తెచ్చుకున్నరు."

ఒక మంగళవారం పొద్దున సైట్ తెరుచుకోలేదు. ఎవరో వేలకొద్దీ కంప్యూటర్ల చేత ఒక్కసారిగా మా సైట్ తలుపు కొట్టిస్తున్నారని, ఆ తోపులాటలో మనవాళ్ళకు లోపలికి దారి దొరకడం లేదని ఆమె ఫోన్‌లో చెప్పింది. ఆ ఎవరో ఎవరన్నది ఇప్పటికీ తెలియదు. నేను పద్ధతి ప్రకారం మా రక్తదాతల వాట్సాప్ గ్రూపులో రాశాను: "అందరూ ఒకసారి తెరిచి చూసి చెప్పగలరు." బార్కస్ నుంచి గౌలిపుర దాకా అందరూ తెరిచారు. ఒకసారి కాదు, తెరుచుకునేదాకా ఒత్తుతూనే ఉన్నారు. పావుగంటలో మళ్ళీ ఆమె ఫోన్.

"కొట్టేటోళ్ళకు మనోళ్ళు గూడ తోడైన్రు బాపు. ముందు వీళ్ళను ఆపున్రి."

తప్పు నాదేనని గ్రూపులో ఒప్పుకున్నాను. ఇకమీద ఎవరూ సైట్ తెరవొద్దని, గంటకొకసారి నేనొక్కణ్ణే చూసి చెబుతానని రాశాను. ఆ తర్వాత ఒక్కరూ ముట్టుకోలేదు. అంతమంది ఒక్క మాట మీద చేతులు కట్టుకుని కూర్చోవడం నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు. డైరీలో రాసుకున్నాను: పది, లేదు. పదకొండు, లేదు.

పన్నెండింటికి, ఆ తాకిడి తట్టుకోలేక, సైట్‌కు చోటిచ్చిన కంపెనీవాళ్ళే దాన్ని మూసేశారు. ఆమెకు కూడా లోపలికి దారి లేదు. వివరాల నకలు కూడా అక్కడే దాచానని, అది తన పొరపాటని ఆమె దిగులుపడింది. మర్నాడు బార్కస్‌లో ఒక పాపకు రక్తం ఎక్కించాలి. ఓ నెగెటివ్. ఆ గ్రూపు వాళ్ళు మా దగ్గర కొద్దిమందే. అందరినీ అడిగితే అందరూ కదులుతారు, వచ్చే వారాలు ఖాళీ అవుతాయి. డైరీ తీసి బుధవారం వరుస చూశాను.

"ఓ నెగెటివ్. గౌలిపుర. పాలు. రెండింటికి శాలిబండ మిఠాయి దుకాణంలో పోస్తాడు, అప్పుడు ఫోన్ చేయొద్దు."

నంబరు ఎలాగూ లేదు, అందుకే ఫోన్ చేయకూడని ఆ వేళకే షేర్ ఆటోలో వెళ్ళి దిగాను. దుకాణం వెనక ఒకతను క్యాన్ వంచి పాలు పోస్తున్నాడు. పక్కకు పిలిచి, రేపు అతని వంతని చెప్పాను.

"మూడు నెలలు నిండినయని నాకు ఎర్కే బాపు. కబురు రాలే. ఇంకెవరన్న పోతున్నరేమో అని ఆగిన."

"సైట్ చూడలేదా?"

"తెరవొద్దని గ్రూపుల పెట్టిన్రు గద. ఎవరో పెద్దమనిషి, మస్తు గట్టిగ రాసిండు."

ఆ పెద్దమనిషిని నేనేనని చెప్పి డైరీ చూపించాను. చేతులు తుడుచుకుని తన వరుస మీద వేలు పెట్టి చదివాడు.

"ఇంకెవ్వరు పోరు, పక్కానా?"

"పక్కా. నీదొక్కటే రాసి ఉంది."

"అయితే పొద్దుగాల పాలు పోసి పోత. గని బాపు, ఒట్టి పాలేనా రాసిన్రు? పెరుగు గూడ అమ్ముత."

సైట్ తెరుచుకున్నది గురువారం. బుధవారం పదకొండింటికి మాత్రం నేను ఎప్పటిలాగే ఒకసారి చూసి, లేదు అని రాశాను. అంతలో సైట్ నడిపే ఆమె ఫోన్ చేసింది, పాప నాన్న ఆసుపత్రి నుంచి చెప్పాడట. ఆ వరుసలోనే రాశాను: రక్తం ఎక్కుతోంది. తర్వాత వెనక్కి, నెల మొదటి పేజీకి వెళ్ళి, పాలు అన్న మాట పక్కన, పెరుగు అని చేర్చాను.