పిన్నిగారి సందేహం

బంధుగణం అనే కుర్రాడికి తనకంటూ ఒక్క సందేహం వచ్చిన పాపాన పోలేదు. వచ్చినవన్నీ చుట్టాలవే.

క్లాసు ముగింపుకొస్తుంది. ప్రొఫెసరుగారు వేళ్లకంటిన సుద్ద దులుపుకుని, సంచీ భుజాన వేసుకుని, చూపు తలుపు మీద నిలిపి, "సందేహాలేమైనా ఉన్నాయా?" అంటారు. అది ప్రశ్న కాదనీ, వీడ్కోలనీ హాల్లో అందరికీ తెలుసు. సగంమంది అప్పటికే లేచి నిలబడి ఉంటారు. సరిగ్గా ఆ క్షణాన ఒక పొడుగాటి చెయ్యి పైకి లేస్తుంది.

"సార్, ఇది నా సందేహం కాదండీ. మా మేనమామ అడిగి రమ్మన్నాడు."

లేచినవాళ్లంతా ఒక్క మూలుగు మూలిగి మళ్లీ కూలబడతారు.

అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరుపట్టీలో భద్రంగానే ఉంది గానీ, చదువు మొదలైన కొద్దిరోజులకే దానితో ఎవరికీ పనిలేకుండా పోయింది. మేనమామ తరవాత పెద్దమ్మ వచ్చింది. పెద్దమ్మ వెనకే తాతయ్య, ఆపైన పిన్ని, బావమరిది, వరసకు అన్నయ్య అయ్యే ఒకాయన. మనిషన్నాక చుట్టాలుండటం వింత కాదు. ఆ చుట్టాలందరికీ సంఖ్యాశాస్త్రం మీద ఇంత పట్టుదల ఉండటం వింత. అందుకని హాలంతా కలిసి అతనికి బంధుగణం అని నామకరణం చేసేసింది. పిలిస్తే పలికేవాడు కూడా.

ఆ విశ్వవిద్యాలయం ఎంత పెద్దదంటే, గేటు దగ్గర బస్సు దిగిన కొత్తవాళ్లు దారి కనుక్కుని క్లాసుకి చేరేసరికి, అదే క్లాసు ముగించుకుని వస్తున్నవాళ్లు ఎదురయ్యేవాళ్లు. మొదటి ఏడాది సంఖ్యాశాస్త్రానికి వందలమంది. వాళ్లందరినీ కుక్కిన హాల్లో బెంచీలు మెట్లుమెట్లుగా పైకి పోయేవి, మధ్యలో లావుపాటి స్తంభాలు. స్తంభం వెనక కూర్చుంటే బోర్డు సగమే కనిపిస్తుంది. లాభం ఏమిటంటే, బోర్డు దగ్గరున్నవాళ్లకి మనం అసలే కనిపించం.

ఎడమవైపు స్తంభం వెనక ఒకమ్మాయి ఈ లాభం కోసమే కూర్చునేది.

నోట్లో నాలుక లేని పిల్ల. ఇంట్లో మాత్రం ఆమెని గొణుగుడమ్మ అనేవాళ్లు. అర్థం కానిది ఏదైనా ఎదురైతే పెన్ను ఆపేసి, "ఇదెక్కణ్ణుంచి వచ్చింది? ఇందాక లేదే?" అని తనలో తను గొణుక్కుంటుంది. తనకు తప్ప ఎవరికీ వినపడదని ఆమె గట్టి నమ్మకం. ఈ క్లాసులో ఆమె పెన్ను రాసేదానికంటే ఆగేదే ఎక్కువ. నెలాఖరు పరీక్ష తప్పితే చదువు మానేసి వెళ్లిపోయి, వదిన టైలరింగు షాపులో కాజాలు కుట్టుకుందామని నిశ్చయించుకుంది. ఆ నిశ్చయమూ గొణుక్కునే చేసుకుంది.

బంధుగణం సంగతి వేరు. అతనికి కూర్చునే చోటు కుదిరేది కాదు. ఇవాళ పైవరసలో ఉంటే రేపు కిటికీ పక్కన, ఎల్లుండి స్తంభం ముందు. ఎక్కడ కూర్చున్నా ఆ పొడుగు మోకాళ్లు ముందు బెంచీవాళ్ల వీపుల్లో గుచ్చుకునేవి. "ఓ చోట కుదురుగా ఉండలేవురా?" అని వాళ్లు విసుక్కుంటే, "చూసిరావాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు" అనేవాడు. పిచ్చిమాలోకం అనుకుని ఊరుకునేవాళ్లు.

ఒకరోజు తాతయ్య వంతు వచ్చింది.

"సార్, మా తాతయ్య ఒక విషయం ఒప్పుకోవట్లేదండీ."

"ఏమిటట?"

"నాణెం ఎగరేస్తే వరసగా ఐదుసార్లు బొమ్మే పడిందనుకోండి. ఆరోసారి బొరుసు పడే అవకాశమే ఎక్కువంటాడు. పాపం, దానికీ ఓ వంతు రావాలి కదా అంటాడు."

"నాణేనికి జ్ఞాపకశక్తి ఉండదని చెప్పు మీ తాతయ్యకి. కిందటిసారి ఏం పడిందో దానికి గుర్తుండదు. ఎప్పుడెగరేసినా సగానికి సగమే."

"చెప్పాను సార్. జ్ఞాపకశక్తి తనకీ లేదంటున్నాడు. ఇంకొక్కసారి వివరంగా చెప్పించుకు రమ్మన్నాడు."

ప్రొఫెసరుగారు నిట్టూర్చి, సంచీ దించి, సుద్ద తీసుకుని మొదటినుంచీ చెప్పారు. ఈసారి బోర్డు మీద నాణెం బొమ్మ కూడా గీశారు. ఇందాక నిద్రమొహాలతో ఉన్న వరసల్లో చాలా పెన్నులు చకచకా కదిలాయి. బయటికెళ్లేటప్పుడు మాత్రం అందరూ బంధుగణాన్నే తిట్టుకున్నారు.

ఇంకోరోజు ప్రొఫెసరుగారికి ఒళ్లు మండింది. "మీ చుట్టాలందరూ ఒకే ఇంట్లో ఉంటారటయ్యా?" అని అడిగారు.

"లేదు సార్. తలో చోట ఉంటారు. దగ్గర్లోనే లెండి."

"మరి వాళ్లకి ఈ లెక్కలెందుకు? మేనమామ ఏం చేస్తుంటాడు?"

"కోళ్లఫారమండీ."

"కోళ్లఫారానికి సంభావ్యత దేనికి?"

"కోడి రేపు గుడ్డు పెడుతుందో లేదో తెలియాలి కదండీ. కోడినడిగితే చెప్పట్లేదట."

హాలు పగలబడి నవ్వింది. ప్రొఫెసరుగారు నవ్వాపుకోవడానికి బోర్డు వైపు తిరిగి, తిరిగిన పాపానికి కోడి లెక్క ఒకటి చేసి చూపించారు.

స్తంభం చాటమ్మాయికి ఈ చుట్టాలందరిలోకీ పిన్ని అంటే ప్రాణం. పిన్ని ఏది అడిగినా అచ్చం తన మనసులో ఉన్నదే అడిగేది. హెచ్చుతగ్గులు కొలిచే పాఠం చెప్పినరోజు, అంకెలన్నిటినీ వర్గం చేసి, చివర్లో మళ్లీ వర్గమూలం తీస్తుంటే, ఈ అమ్మాయి పెన్ను ఆపి, "పెట్టేవాళ్లే తీసేస్తుంటే పెట్టడం దేనికి?" అని గొణుక్కుంది. క్లాసు చివర్లో స్తంభం ముందు బెంచీలోంచి చెయ్యి లేచింది.

"సార్, మా పిన్ని అడగమందండీ. మీరే వర్గం చేశారు, మీరే మూలం తీశారు. పెట్టేవాళ్లే తీసేస్తుంటే పెట్టడం దేనికండీ?"

"హెచ్చులనీ తగ్గులనీ ఉన్నవి ఉన్నట్టు కలిపితే ఒకదాన్నొకటి మింగేసి సున్నా మిగులుతుంది. మింగకుండా వర్గం చేస్తాం. పని అయ్యాక మూలం తీసి మామూలు కొలతకి తెస్తాం. మీ పిన్నికి బుర్ర ఉందయ్యా."

ఆ సాయంత్రం అమ్మాయి ఇంటికి ఫోను చేసి ఈ సంగతే చెప్పింది. "అమ్మా, మా క్లాసులో ఒకతనికి ఓ పిన్ని ఉందే. నాకొచ్చిన సందేహాలే ఆవిడకీ వస్తాయి. మాటలతో సహా."

"మరి ఆవిణ్ణి వెళ్లి కలవవే. ఇద్దరూ కూర్చుని చదువుకోవచ్చు," అంది అమ్మ.

కలవాలని ఆమెకీ ఉంది. రెండురోజులు నీళ్లు నమిలి, ఆఖరికి కేంటీన్లో టీ గ్లాసుతో బంధుగణం ఎదుట నిలబడింది.

"మీ పిన్నిగారు ఏం చదువుకున్నారండీ?"

బంధుగణం ఆమెని ఒక్క క్షణం చూసి, బిస్కెట్టు టీలో ముంచాడు. "చదువుతూనే ఉంది."

"ఈ వయసులోనా?"

"వయసేముంది, చిన్నదే. నాకంటే చిన్నది. వరసకి పిన్ని."

"పరీక్షలంటే భయం లేదాండీ ఆవిడకి?"

"బోలెడంత భయం. మానేసి ఇంటికెళ్లి ఏదో కుట్టుపని చేసుకుంటుందట. నాకు చెప్పలేదనుకో, వినపడింది."

అమ్మాయి గ్లాసు బల్లమీద పెట్టేసింది. "అయ్యో, మానొద్దని చెప్పండి. కుట్టుపని సంగతి నాకు బాగా తెలుసు. మానుకుని కూర్చుంటే తరవాత బాధపడతారు. అంత తెలివైన మనిషి మానేయడం ఏమిటండీ, సార్ కూడా మెచ్చుకున్నారు కదా."

"చెబుతాలే," అన్నాడు బంధుగణం. బిస్కెట్టు విరిగి టీలో పడిపోయినా చూసుకోలేదు. "నువ్వు చెప్పావని మరీ చెబుతా."

హాస్టలుకి నడుస్తుంటే, ఇంకొకరికి అంత గట్టిగా చెప్పిన మాట తనకి తను ఎందుకు చెప్పుకోలేకపోతోందా అని ఆమెకి అనిపించింది. పిన్ని తెలివి వేరు, తన తెలివి వేరు అని సరిపెట్టుకుంది.

పరీక్షకు ముందు ఆఖరి క్లాసు. ఆరోజు చెప్పిన పాఠమే పరీక్షలో సగం ఉంటుందని ప్రొఫెసరుగారు ముందే చెప్పారు. సగటు తీసినప్పుడు ఎంతమంది ఉంటే అంతమందితో భాగించారు. హెచ్చుతగ్గులు కొలిచేటప్పుడు మాత్రం ఒకటి తగ్గించి భాగించారు. అమ్మాయి పెన్ను అక్కడే ఆగింది. "ఆ ఒక్కరూ ఎక్కడికి పోయారు?" అని గొణుక్కుంది. ఆ తరవాత చెప్పిందేదీ బుర్రకెక్కలేదు. కళ్లముందు కాజాలు వరసగా కనిపించాయి.

"సందేహాలేమైనా ఉన్నాయా?" అన్నారు ప్రొఫెసరుగారు.

చెయ్యి లేవలేదు. అలవాటుగా మూలగడానికి సిద్ధమైన హాలు బిత్తరపోయింది. అందరి తలలూ బంధుగణం కోసం తిరిగాయి. స్తంభం ముందు బెంచీలో మెడకి మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావట్లేదు.

"ఏమయ్యా, మీవాళ్లంతా క్షేమమేనా?" అని అడిగారు ప్రొఫెసరుగారు. ఆయన మొహంలో నిజంగానే బెంగ కనిపించింది.

బంధుగణం గొంతు చూపించి తల అడ్డంగా ఊపాడు. తరవాత నెమ్మదిగా వెనక్కి తిరిగి, స్తంభం పక్కనుంచి తొంగిచూశాడు. అమ్మాయి వైపే చూశాడు. పెదవులు మాత్రం కదిలాయి. పి, న్ని.

నాకంటే చిన్నది, వరసకి పిన్ని. కుట్టుపని. నాకు చెప్పలేదు, వినపడింది. అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి, ముందు సిగ్గేసింది, తరవాత ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఎక్కడలేని నవ్వొచ్చింది. మానొద్దని తను ఎవరికి చెప్పి పంపించిందో తెలిసింది. ప్రొఫెసరుగారు సంచీ భుజాన వేసుకుంటున్నారు.

"సార్," అంది లేచి.

స్తంభం మాట్లాడిందేమో అన్నట్టు చూశారందరూ. ఆమె ఒకడుగు పక్కకు జరిగింది.

"సార్, పిన్ని సందేహమండీ."

"నీకూ పిన్ని ఉందా తల్లీ?"

"నా పిన్ని కాదండీ. ఇతని పిన్ని."

"ఆవిడ నీకెలా తెలుసు?"

ఆమె స్తంభం వదిలి ఇంకో అడుగు ముందుకేసింది. "నేనేనండీ ఆ పిన్నిని."

హాలు నవ్వబోయి ఆగిపోయింది. ఇంతలో పైవరసలోంచి, బస్తాలు మోసేంత కండలూ చెవులదాకా మీసాలూ ఉన్న ఒక భారీ మనిషి లేచి నిలబడి, "సార్, నేను పెద్దమ్మనండీ," అన్నాడు. కిటికీ దగ్గర ఒక బక్కపిల్ల తను తాతయ్యనని చెప్పింది. బావమరిదిని నేనంటే నేనని ఇద్దరు వాదించుకున్నారు. "ఆ బెంచీలో ఎక్కువ కూర్చున్నది నేను" అని ఒకడు, "ఆరోజు నువ్వు రాలేదు, అడిగింది నా గురించే" అని ఇంకొకడు. మేనమామ మాత్రం ఆరోజు క్లాసు ఎగ్గొట్టాడట.

ప్రొఫెసరుగారు సంచీ బల్లమీద పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. "అడగండి పిన్నిగారూ," అన్నారు.

"ఆ తగ్గించిన ఒక్కరూ ఎవరండీ?"

"మంచి ప్రశ్న. ఈ బెంచీలో అందరూ తమకిష్టమైన చోట కూర్చున్నారనుకో. ఆఖరున వచ్చినవాళ్లు ఏం చేస్తారు?"

"మిగిలినచోట కూర్చుంటారు."

"అంతే. సగటు ముందే తెలిసిపోయాక మిగతా అంకెలు ఎలాగైనా ఉండొచ్చు. ఆఖరి అంకెకి ఆ స్వేచ్ఛ లేదు. అందుకే దాన్ని లెక్కలోంచి తగ్గిస్తాం. అర్థమైందా?"

"అయిందండీ," అంది పిన్ని. నిజంగానే అయింది.

క్లాసు వదిలాక మెట్ల దగ్గర బంధుగణాన్ని నిలదీసింది. "నా మాట నా చేతే నాకు చెప్పిస్తారా? అసలు ఈ చుట్టాల గోలేమిటి?"

అతను గుసగుసకంటే తక్కువ గొంతుతో ఒక్కోమాటే కూడబలుక్కుని చెప్పాడు. "కిందటేడు ఆ స్తంభం వెనక నేనే కూర్చున్నాను. ఒక్కటీ అడగలేదు. సగంలోనే మానేశాను. ఈ ఏడు మళ్లీ మొదటినుంచి. ఇక్కడిదాకా నాకొచ్చు."

"మరి మామూలుగా అడగొచ్చు కదా?"

"మీలో ఎవరి పేరు చెప్పినా వాళ్లు సిగ్గుతో చచ్చిపోతారు. నాదంటే నేను చచ్చిపోతాను. చుట్టాలైతే ఎవరికీ కనపడరు కదా."

పరీక్షలో పిన్ని ఫస్టేమీ రాలేదు, పాసైంది. ఇంటికి ఫోను చేసి, "అమ్మా, ఆ పిన్నిని కలిశానే. మానదట," అని చెప్పింది. వదిన కాజాలు కుట్టడానికి ఇంకో మనిషిని చూసుకుంది.

తరవాతి వారం కొత్త పాఠం మొదలైంది. రెండు విషయాలు కలిసి పెరిగితే వాటి మధ్య సంబంధం ఎలా కొలవాలో చెప్పారు. పిన్ని ఇప్పుడు స్తంభానికి ఇవతల కూర్చుంది. బంధుగణం గొంతు బాగుపడింది, మఫ్లరు పోయింది, కానీ క్లాసంతా అతని పెన్ను కదలకపోవడం ఆమె చూస్తూనే ఉంది. కిందటేడు అతను మానేసిన చోటు దాటిపోయింది. చివర్లో చెయ్యి లేచింది గానీ, ఎప్పటంత ఎత్తుకి లేవలేదు.

"సార్, సందేహమండీ."

"ఎవరిది? మేనమామదా?"

"కాదండీ. నాదే."

హాలు గొల్లుమంది. ప్రొఫెసరుగారికీ నవ్వాగలేదు. "నీదంటే నమ్మమంటావా? నిజం చెప్పవయ్యా, ఎవరిది?"

బంధుగణం చెవులదాకా ఎర్రబడ్డాడు. ఇన్నాళ్లూ ఊరందరి తరఫునా గడగడా మాట్లాడినవాడు నీళ్లు నములుతూ, కూర్చోవాలో నిలబడాలో తెలియక మోకాళ్లు సగం వంచి ఉండిపోయాడు. స్తంభం పక్కనుంచి పిన్ని లేచింది.

"నిజంగానే వాడిదేనండీ," అంది. "మా అక్క కొడుకు. కాస్త మొహమాటం ఎక్కువ. నెమ్మదిగా చెప్పండి సార్."